నరసమ్మను ఎవరూ ఎత్తుకుపోలేదు

"పావగడ నరసమ్మ మన తెలుగు మనిషి. పద్మశ్రీ రాగానే కన్నడిగులు ఆమె పేరు ముందు 'సూలగిత్తి' అని తగిలించి తమ ఖాతాలో వేసుకున్నారు. ఇది సాంస్కృతిక దోపిడీ." సరిహద్దుకు ఇవతల, సాహిత్య సభలు ముగిశాక టీ గ్లాసుల దగ్గర ఈ మాట చాలాసార్లు విన్నాను. అనేవాళ్ళు నాకు కావలసినవాళ్ళే. భాష మీద వాళ్ళకున్న ప్రేమను శంకించను. కానీ ఆరోపణ మాత్రం పూర్తిగా తప్పు. పైగా అసలు దోపిడీ ఎక్కడ జరుగుతోందో కనపడకుండా చేసే తప్పు.

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకానే గానీ, చుట్టూ చాలామటుకు ఆంధ్ర నేల. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. ఆ తాలూకాలోని కృష్ణాపురంలో పుట్టిన నరసమ్మ తల్లిభాష తెలుగన్నది నిజమే. ఆమె బడి మొహం చూడలేదు. పన్నెండో ఏట పెళ్ళయింది. కాన్పులు చేయడం అవ్వ దగ్గర నేర్చుకుంది. 1940లో, ఇరవై ఏళ్ళ వయసులో, దగ్గరి బంధువుకు పురుడు పోయడంతో మొదలుపెట్టి డెబ్బై ఏళ్ళపాటు 15,000కు పైగా కాన్పులు చేసింది. ఎవరి దగ్గరా పైసా అడగలేదు.

ఇక పేరు సంగతి. పద్మశ్రీ వచ్చింది 2018లో. కర్ణాటక ప్రభుత్వం ఆమెకు దేవరాజ అరసు పురస్కారం ఇచ్చింది 2012లో. రాజ్యోత్సవ పురస్కారం 2013లో. తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది 2014లో. అంటే ఢిల్లీ గుర్తించక ముందే పక్కవాళ్ళు గుర్తించారు. అన్నేళ్ళలో మనం చేసిందేమిటి? పద్మశ్రీ వార్త వచ్చాక ఆమె ఇంటిభాష ఏదని వెతికాం.

'సూలగిత్తి' అంటే కన్నడంలో కాన్పు చేసే మనిషి. సూలు అంటే కాన్పు. అది మనకు పరాయి మాటా? చూలు, చూలాలు, చూలింత అని మన అమ్మమ్మలు అన్నది ఆ మాటే కదా! గిత్తి అన్నది మన పనికత్తెలోని 'కత్తె' లాంటిది. ఒక వేరు నుంచి వచ్చిన రెండు కొమ్మల మధ్య ఎవరు ఎవరి పండును కోసుకున్నట్టు?

మన కొమ్మకున్న మాట మంత్రసాని. దాన్ని మనమెలా వాడుకున్నాం? "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని సామెత చేసుకున్నాం. ఇష్టంలేని చాకిరీ నెత్తిన పడినప్పుడు ఇప్పటికీ నవ్వుతూ అంటాం. పురుడు పోసినన్నాళ్ళూ మంత్రసాని చేయి కావాలి, పదకొండోనాడు పురిటి స్నానం కాగానే ఆమె మళ్ళీ గడప అవతలి మనిషి. మనం ఎగతాళికి వాడిన పనిని కన్నడిగులు పేరు ముందు బిరుదుగా పెట్టారు. ఒక తెలుగువాడిగా ఇది రాయడం నాకు సులువు కాదు. అయినా నిజం ఇదే.

ఆ పనిని దగ్గరగా చూసినవాళ్ళకు తెలుస్తుంది అదెంత విద్యో. నొప్పులు పడుతున్న మనిషి పక్కన కూర్చుని, ఆముదం రాసిన అరచేతితో పొట్ట తడిమి, తల కిందికి ఉందో అడ్డం తిరిగిందో చెప్పడం. తొందరపెట్టకుండా, భయపెట్టకుండా రాత్రంతా మాట కలుపుతూ ఉండటం. బొడ్డు కోశాక మాయ పూర్తిగా పడేదాకా అక్కణ్ణుంచి కదలకపోవడం. ఊరికి వచ్చిపోయే దేశదిమ్మరుల దగ్గర గర్భిణులకిచ్చే ఆకు మందులు తయారుచేయడం నరసమ్మ నేర్చుకుంది. తనకు తెలిసింది 180 మందికి పైగా నేర్పింది. అవ్వ నుంచి, దిమ్మరుల నుంచి ఆమెకు, ఆమె నుంచి మరో 180 మందికి. ఇచ్చినవాళ్ళు ఎవరో తెలుసు, తీసుకున్నవాళ్ళు ఎవరో తెలుసు, మధ్యలో బేరం లేదు. దీన్ని దోపిడీ అంటే ఆ మాటకు అర్థమే పోతుంది.

మరి కాజేయడమంటే ఏమిటి? పసుపు సంగతి చూడండి. గాయం మాన్పడానికి పసుపు వాడకం తమ కొత్త ఆవిష్కరణ అంటూ 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేటెంటు సంపాదించింది. బాలింత ఒంటికి పసుపు రాయని ఇల్లు మనకుందా? మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పోరాడి, పాత గ్రంథాలు సాక్ష్యం పెట్టి, 1997లో దాన్ని రద్దు చేయించింది. అక్కడ మొదట మాయమైంది తెలిసినవాళ్ళ పేరు. కేరళలో దీనికి ఎదురు నడిచిన కథ ఉంది. కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో 'జీవని' మందు తయారుచేసిన పరిశోధన సంస్థ, వచ్చిన సొమ్ములో సగం వాళ్ళకే ఇవ్వాలని ఒప్పుకుంది. మెచ్చుకోవడం ఎలా ఉండాలో దాన్ని చూసి నేర్చుకోవాలి.

ఇప్పుడు మన నగరాలకు రండి. బాలింతకు నూనె మర్దన, పసిబిడ్డకు సున్నిపిండి స్నానం, సాంబ్రాణి పొగ ప్యాకేజీలుగా అమ్ముడవుతున్నాయి. ప్రకటనలో 'అమ్మమ్మల నాటి పద్ధతి' అని ఉంటుంది. ఏ అమ్మమ్మ? ఏ ఊరు? ఏ కులం? ఆ చేతులకు ముట్టిందెంత? అమ్మేది తెలుగువాళ్ళు, కొనేది తెలుగువాళ్ళు కాబట్టి ఎవరికీ కోపం రాదు. నాకొస్తుంది.

కాన్పులు మళ్ళీ ఇళ్ళలో జరగాలని నేననడం లేదు. ఆసుపత్రి కాన్పు తల్లుల ప్రాణాలు నిలిపింది, అందులో రెండో మాట లేదు. కానీ ప్రసూతి సేవకు ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కావాలని 2018 డిసెంబరులో కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. అదే నెల 25న నరసమ్మ 98వ ఏట బెంగళూరులో కన్నుమూసింది. కొత్త నర్సు చదువులో పాత చేతుల నుంచి తీసుకోదగ్గది ఏదైనా ఉంటే తీసుకోవాలి. తీసుకున్నప్పుడు ఎవరి నుంచో రాయాలి.

నరసమ్మను పక్క రాష్ట్రం నుంచి వెనక్కి తెచ్చుకోవాల్సిన పని లేదు. ఆమె ఎక్కడికీ పోలేదు. మీ ఊళ్ళో మీ నాన్న బొడ్డు కోసిన మనిషి పేరేమిటి? తెలియకపోతే ఈ పూటే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఇంటిపేరుతో సహా రాసిపెట్టండి.