ఆ కార్డు సంగతి మనకీ తెలియాలి

అమ్మకి పక్షవాతమని ఫోను రాగానే కట్టుబట్టలతో గుంటూరు వచ్చేశాను. కెనడాలో శాశ్వత నివాసం దొరికి అప్పటికి నెలే. పీఆర్ కార్డు ఇంకా పోస్టులో రాలేదు. తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కనివ్వలేదు! కార్డు లేనివాళ్ళు బయటి దేశం నుంచే ట్రావెల్ డాక్యుమెంటుకి దరఖాస్తు పెట్టుకోవాలట. అది చేతికొచ్చేదాకా రెండేళ్ళ బాబు అక్కడ, నేనిక్కడ.

'కాగితాలన్నీ ఆయనే చూసుకుంటారు' అని గొప్పగా చెప్పుకుంటాం. కానీ కౌంటరు దగ్గర ఆగిపోయేది మనమేగా!

అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ ఏడాది, ఆపైన బయట ఉండాల్సొస్తే రీఎంట్రీ పర్మిట్‌కి అక్కడుండగానే దరఖాస్తు చెయ్యాలి. పురుడికో, పెద్దవాళ్ళ సేవకో పుట్టింటికొచ్చేది ఎక్కువగా మనమే. సూట్‌కేసు సర్దేముందు కార్డు, గడువు మనమే చూసుకోవద్దూ?