చెవి కరెక్టే, కారణమే తప్పు

గిటార్ వాయించేవాళ్ళ దగ్గర పాత ఎఫెక్ట్ పెడళ్ళ మాట ఒక్కసారి ఎత్తి చూడండి, ఇంక ఆగరు. "అందులో ఏదో ప్రాణం ఉంది" అంటారు. "డిజిటల్‌లో ఆ వెచ్చదనం రాదు" అంటారు. అదే మాట మన బ్రాంచ్‌లో ఎవరితోనైనా అంటే నవ్వుతారు. "వెచ్చదనమా? యూనిట్స్ ఏంటి?" అని అడుగుతారు. పగలు ల్యాబ్‌లోనూ రాత్రి బ్యాండ్ రూమ్‌లోనూ ఉంటాను కాబట్టి రెండు గుంపులూ నాకు తెలుసు. నా అభిప్రాయం ఇది: మ్యూజీషియన్ చెవిని నమ్మాలి, అతను చెప్పే కారణాన్ని నమ్మక్కర్లేదు. మనవాళ్ళు కారణం తప్పని తెలియగానే చెవిని కూడా దానితోపాటు పారేస్తున్నారు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

ఊరికే వాదిస్తే లాభం లేదు కాబట్టి ఒక్క పెడల్ తీసుకుంటాను. పేరు ఎలక్ట్రిక్ మిస్ట్రెస్. న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ 1968లో పెట్టిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ దీన్ని 1976లో తెచ్చింది. ఇది ఫ్లాంజర్.

ఫ్లాంజర్ అంటే తెలియనివాళ్ళకి: నెత్తిమీదుగా విమానం పోయేటప్పుడు "షూఊఊ" అని జారుతున్నట్టు ఒక శబ్దం వస్తుంది చూడండి, అదే. విమానం చప్పుడు మన చెవికి ఒకసారి నేరుగా వస్తుంది, నేలకి కొట్టుకుని ఇంకోసారి కాస్త ఆలస్యంగా వస్తుంది. రెండూ కలిసినచోట కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆలస్యం 1 మిల్లీసెకండు అయితే 500 హెర్ట్జ్ దగ్గర, 1500 దగ్గర, 2500 దగ్గర, ఇలా వరసగా గాట్లు పడతాయి. గ్రాఫ్ గీస్తే అచ్చం దువ్వెన. విమానం కదిలేకొద్దీ ఆలస్యం మారుతుంది, దువ్వెన పళ్ళు పైకీ కిందకీ జరుగుతాయి. మనకి వినిపించే ఆ జారుడు ఈ పళ్ళ కదలికే.

స్టూడియోల్లో మొదట దీన్ని రెండు టేప్ మెషీన్లతో చేశారు. ఒకే పాటని రెండిట్లో నడిపి, ఒకదాన్ని కాస్త వెనకబడనిచ్చేవాళ్ళు. 1959లో టోనీ ఫిషర్ పాడిన 'ది బిగ్ హర్ట్'లో ఈ శబ్దం ఉంది. 1967లో స్మాల్ ఫేసెస్ బ్యాండ్ 'ఇచీకూ పార్క్'లో ఇంకా బాగా వినిపిస్తుంది. ఫ్లాంజ్ అంటే టేపు చక్రం అంచు. దానిమీద వేలు పెట్టి ఆపడం వల్ల ఆ పేరు వచ్చిందని కొందరు, కాదు, జాన్ లెనన్ ఏదో అడిగితే జార్జ్ మార్టిన్ వెటకారంగా చెప్పిన సమాధానంలోంచి వచ్చిందని ఇంకొందరు. ఏదైతేనేం, రెండు టేప్ మెషీన్లని కాలికింద పెట్టుకుని స్టేజీ ఎక్కలేం కదా.

దాన్ని పెట్టెలోకి తెచ్చింది ఒక చిప్. 1969లో ఫిలిప్స్ ల్యాబ్‌లో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు బకెట్ బ్రిగేడ్ అనే సర్క్యూట్ కనిపెట్టారు. ఇది అర్థం కావాలంటే ఇంటికి శ్లాబు వేసే రోజు గుర్తు చేసుకోండి. కింద నుంచి పైదాకా కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మారుస్తుంటారు. ఈ చిప్‌లోనూ అంతే: తట్ట బదులు విద్యుత్ ఆవేశం, మనిషి బదులు కెపాసిటర్, మేస్త్రీ కేక బదులు గడియారం టిక్కు. చేతిలో తట్ట ఉన్నవాడు ఇంకోటి అందుకోలేడు కాబట్టి ఒకరు విడిచి ఒకరు ఖాళీగా ఉండాలి. అందుకే 1024 గదులున్న చిప్‌లో ఒక సమయానికి ఉండేవి 512 తట్టలే. గడియారం 100 కిలోహెర్ట్జ్‌లో నడిస్తే ఆలస్యం 5.12 మిల్లీసెకండ్లు. మేస్త్రీ తొందరపెడితే ఆలస్యం తగ్గుతుంది, నెమ్మదిస్తే పెరుగుతుంది. మిస్ట్రెస్‌లో వాడింది రెటికాన్ కంపెనీ ఎస్‌ఏడీ1024 అనే చిప్. అది తయారవడం మానేసి దశాబ్దాలైంది.

ఇక్కడ నాకు భలే సరదాగా అనిపించే సంగతి ఒకటుంది. "స్వచ్ఛమైన అనలాగ్" అని మనవాళ్ళు దణ్ణం పెట్టే ఈ పెడల్, శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా కోసే పంపుతుంది! తట్టలో ఎంత కాంక్రీటు ఉందో దానికి అంకె వెయ్యదు, అంతే తేడా. సిగ్నల్స్ చదివిన ఈసీఈ వాళ్ళని అడగండి, శాంప్లింగ్ అంటే ఇదే అంటారు. అంటే అనలాగ్ గొప్పా డిజిటల్ గొప్పా అనే గొడవలో ఈ పెడల్ రెండువైపులా ఒక్కో కాలు వేసి నిలబడి ఉంది.

సరే, ఇప్పుడు వాయించేవాళ్ళ అభిప్రాయాలు. మెచ్చుకునేవాళ్ళు దీని శబ్దం గాజులా ఉంటుందంటారు, నీళ్ళ మీద ఎండ మెరిసినట్టు ఉంటుందంటారు. పోలీస్ బ్యాండ్ గిటారిస్టు ఆండీ సమ్మర్స్ తొలి రోజుల్లో దీన్ని వాడాడు. బ్యాండ్‌లో ఉన్నది ముగ్గురే. ఒక్క గిటార్ తీగ మీటితే స్టేజీ అంతా నిండాలి, దానికి ఇది పనికొచ్చింది. పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మర్ 1977 టూర్‌లోనూ ఆ తర్వాత 'ది వాల్' రోజుల్లోనూ వాడాడు. తిట్టేవాళ్ళు కూడా తక్కువేం లేరు. బుస్సుమని చప్పుడు చేస్తుందంటారు, ఆన్ చేస్తే వాల్యూమ్ పడిపోతుందంటారు, ఫజ్ పెడల్‌తో దీనికి పడదంటారు. క్లీన్ గిటార్ మీద ఉందో లేదో తెలియదని ఒకరంటే, జెట్ విమానంలా చెవులు చిల్లులు పడ్డాయని ఇంకొకరంటారు.

బయటినుంచి చూస్తే ఇదంతా నోటికొచ్చింది మాట్లాడటంలా ఉంటుంది. ఒక్కొక్కటీ విప్పి చూడండి. క్లీన్ తీగలో పై స్వరాంశాలు తక్కువ, దువ్వెనకి దువ్వడానికి జుట్టు లేదు. డిస్టార్షన్ తర్వాత ఫ్లాంజర్ పెడితే బోలెడు జుట్టు, ప్రతి పన్నూ వినిపిస్తుంది. అదే ఫ్లాంజర్‌ని ముందు పెట్టి డిస్టార్షన్ తర్వాత పెడితే, పడ్డ గాట్లని డిస్టార్షన్ మళ్ళీ పూడ్చేస్తుంది. కాబట్టి ఆ ఇద్దరూ నిజమే చెప్తున్నారు. వాళ్ళ కేబుళ్ళ వరసే వేరు. ఇక "వెచ్చదనం" సంగతి. శబ్దాన్ని ముక్కలు చేస్తున్నారు కాబట్టి చిప్‌కి ముందూ వెనకా ఫిల్టర్లు పెట్టక తప్పదు, అవి పై ఫ్రీక్వెన్సీలని తగ్గిస్తాయి. చేతులు మారేటప్పుడు ప్రతి తట్టలోంచీ కాస్త ఒలుకుతుంది, దానివల్లా పదును పోతుంది. డేటాషీట్ దీన్ని లోపం అంటుంది, గిటారిస్టు వెచ్చదనం అంటాడు. రెండూ ఒకే గ్రాఫ్‌కి రెండు పేర్లు. యూనిట్స్ అడిగి నవ్వినవాళ్ళకి జవాబు ఉంది: డెసిబెల్స్.

మన దగ్గర తంబురాకి శ్రుతి చేసేవాళ్ళు తీగ కింద దారం పోగుని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. ఒకచోట శబ్దం చటుక్కున తెరుచుకుంటుంది. అక్కడ ఎవరూ వాళ్ళని యూనిట్స్ అడగరు, ఎందుకో మరి.

నేను ఊరికే కూర్చుని ఈ మాటలు అనట్లేదు. మొన్న సెమిస్టర్ సెలవుల్లో ఒక 40 లైన్ల పైథాన్‌లో ఫ్లాంజర్ రాశాను, కావాలనే రెండు రకాలుగా. 'ఏ'లో ఆలస్యాన్ని 1 నుంచి 10 మిల్లీసెకండ్ల దాకా సమానంగా జరిపాను. మామూలుగా ఎవరైనా మొదట రాసే పద్ధతి అది. 'బి'లో ఆలస్యం జోలికి పోకుండా గడియారం వేగాన్ని సమానంగా జరిపాను, ఎందుకంటే పాత బకెట్ బ్రిగేడ్ పెడళ్ళలో నాబ్ తిప్పితే కదిలేది గడియారమే. రెండిట్లోనూ మొదలు ఒకటే, చివర ఒకటే. మొదటి గాటు 500 హెర్ట్జ్ నుంచి 50కి దిగుతుంది. కానీ సరిగ్గా సగం సమయానికి 'ఏ'లో గాటు 91 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, 'బి'లో 275 దగ్గర. ఒకే దారి, ఒకే టైము, నడకే వేరు.

మా బ్యాండ్ గిటారిస్టు నా రూమ్మేటే. వాడికి ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. రెండు నిమిషాలు పట్టలేదు. "మామా, మొదటిది పైన ఉరికేసి కిందకెళ్ళి పడుకుంటోంది. రెండోది పైన నిలబడి మెరుస్తోంది, ఆ తర్వాత మునుగుతోంది. రెండోదే బాగుంది" అన్నాడు. ఫైళ్ళ పేర్లు మార్చి మార్చి పెట్టాను, ప్రతిసారీ పట్టుకున్నాడు. (వాడొక్కడే కాబట్టి దీన్ని పరిశోధన అనను.) వాడి నోటివెంట వచ్చింది గాటు నడకకి అక్షరాలా సరైన వర్ణన. ఒక్క ఈక్వేషన్ కూడా చూడకుండా! ఆ తర్వాత అన్నాడు చూడండి: "రెండోది నిజమైన అనలాగ్ పెడల్ రికార్డింగ్ కదా? తెలిసిపోతోంది రా."

రెండూ నా లాప్‌టాప్‌లో పుట్టినవే.

నేను మొదట్లో చెప్పింది ఇదే. వాడి చెవి సున్నితమైన పరికరం. వాడి సిద్ధాంతం ఎక్కడో విన్నది. చెవి "తేడా ఉంది" అంటే ఉంది, వెతకాల్సిందే. ఆ తేడాకి కారణం అనలాగ్ అనీ, పాతదనం అనీ, అమెరికా తయారీ అనీ అంటే మాత్రం ఆగి అడగాలి. ఒక బగ్ రిపోర్టు వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం? యూజర్ "యాప్ బద్ధకంగా ఉంది, సర్వర్ పాడైనట్టుంది" అంటాడు. సర్వర్ బాగానే ఉందని నిరూపించి టికెట్ మూసేసే వాళ్ళని నేను చూశాను. ఆ యూజర్ ఇంకా బద్ధకపు యాప్‌తోనే కుస్తీ పడుతుంటాడు. రేపు మనలో చాలామంది చేసేది ఈ ఉద్యోగమే కాబట్టి అడుగుతున్నాను, "ఫీల్ బాలేదు" అన్న మనిషి ముందు నవ్వే హక్కు మనకెవరిచ్చారు?

ఇంక మ్యూజీషియన్ల వైపుకి తిరుగుతాను, వాళ్ళనీ వదలను. "ఒరిజినల్ మిస్ట్రెస్ సౌండ్" అంటారు కదా, ఏ మిస్ట్రెస్? ఆ రోజుల్లో వాడిన కెపాసిటర్లు కొన్ని అసలు విలువకి 20 శాతం అటూ ఇటూ ఉండేవి. లోపల చిన్న స్క్రూలు తిప్పి గడియారాన్నీ బయాస్‌నీ చేత్తో సర్దేవాళ్ళు. ఒకే ఏడాది తయారైన రెండు పెడళ్ళే ఒకలా ఉండవు. దాని మీద దాదాపు 50 ఏళ్ళు గడిచాయి, కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, స్క్రూలు ఎవరెవరో తిప్పి ఉంటారు. ఇవాళ చేతికొచ్చే పాత పెడల్ 1976 నాటి శబ్దం చేస్తుందని ఏ గ్యారంటీ? పైగా ఈ శబ్దం ఒక్క పెడల్ సొత్తు కూడా కాదు. వాన్ హేలెన్ 1981లో 'అన్‌చెయిన్డ్'లో వాయించింది ఎంఎక్స్ఆర్ ఫ్లాంజర్‌తో. 1980 నుంచి 2001 దాకా అమ్ముడైన బాస్ కంపెనీ బీఎఫ్-2 కూడా బకెట్ బ్రిగేడ్ పెడలే. దానిమీద బతికిన గిటారిస్టులు ఎంతమందో.

ఇది నాకు ఊరికే టెక్నికల్ గొడవ కాదు. మా జూనియర్ ఒకడు పాత పెడల్ కోసం రెండు సెమిస్టర్లుగా టిఫిన్ మానేసి డబ్బు దాస్తున్నాడు. విదేశం నుంచి తెప్పించాలి, షిప్పింగు, కస్టమ్స్, వచ్చాక పని చేస్తుందో లేదో దేవుడికే తెలియాలి. చెడితే మార్చడానికి చిప్ లేదు. వాడికి ఈ పట్టుదల ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఒక ఇంటర్‌కాలేజ్ ఫెస్ట్‌లో వాడు చవక మల్టీ-ఎఫెక్ట్ పెట్టె తీస్తుంటే పక్క బ్యాండ్‌వాళ్ళు చూసి "ఇదా?" అన్నారు. ఇంకా ఒక్క తీగ కూడా మీటలేదు. అప్పుడు వాళ్ళు వాడింది కళ్ళు, చెవులు కాదు. నేను మ్యూజీషియన్ చెవిని ఎంత నమ్ముతానో ఇలాంటి తీర్పుని అంత అసహ్యించుకుంటాను. తమ్ముడూ, ఇది చదువుతుంటే ముందు టిఫిన్ తిను. 'బి' కోడ్ నీకు పంపిస్తాను, నీ చవక పెట్టె పక్కన పెట్టుకుని విను. అప్పటికీ ఆ పాత పెడలే కావాలనిపిస్తే కొనుక్కో, నేనేమీ అనను. ఆ రేకు డబ్బా చూడ్డానికి కూడా బాగుంటుంది.

ఒక్క విషయం మాత్రం మిగిలింది. మిస్ట్రెస్ మీద ఫిల్టర్ మ్యాట్రిక్స్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది నొక్కితే ఊగడం ఆగిపోతుంది, దువ్వెన కదలకుండా నిలబడుతుంది, పళ్ళు ఎక్కడుండాలో మనమే రేంజ్ నాబ్‌తో పెట్టుకోవాలి. ఊగని ఫ్లాంజర్ ఫ్లాంజరే కాదు, వేస్ట్ అంటాడు మా రూమ్మేట్. నాకేమో ఆ పెడల్ మొత్తంలో అదే ఇష్టం. శబ్దం ఒక ఖాళీ రేకుల షెడ్డులో ఇరుక్కుపోయినట్టు ఉంటుంది, కోడ్‌లో ఒక్క లైను తీసేస్తే వచ్చేస్తుంది. నిన్న రాత్రి రెండింటిదాకా దీని మీదే గొడవ. వార్డెన్ వచ్చి లైటు ఆపేశారు.