మన పలక కూడా బడికి రావాల

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో మన వాడల పిల్లల్ని అడిగి చూడండి: "సైన్సులో ఈ యేడు నీ చేత్తో నువ్వు చేసిన ప్రయోగం ఏది?" నోట్సు తెచ్చి చూపిస్తారు. ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అన్నీ ఉంటాయి, ఎర్రసిరా టిక్కుతో సహా. చేసింది మాత్రం ఉండదు. సామాన్ల బీరువా తాళం తీయరు. తీసిన నాడు సారు చేస్తాడు, ముందు బెంచీ చూస్తుంది, మన పిల్లలు ఆఖరున గాజుగొట్టాలు కడుగుతారు. అన్ని బళ్ళూ ఇంతేనని మేం అనడం లేదు. ప్రాణం పెట్టి చెప్పే పంతుళ్ళు ఉన్నారు, వాళ్ళకు దండం. కానీ వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

బాబాసాహెబ్ బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివేటప్పుడు సారు ఆయన్ను లెక్క చేయమని బోర్డు దగ్గరికి పిలిచినాడు. సవర్ణ పిల్లలు గోల చేసి, బోర్డు వెనకాల పెట్టుకున్న తమ టిఫిన్ డబ్బాలను ముందుగా పక్కకు లాక్కున్నారని ధనంజయ్ కీర్ ఆయన జీవితచరిత్రలో రాసినాడు. నూరేళ్ళు దాటిపోయింది. డబ్బాల జాగాలో ఇప్పుడు గాజు సామాను వచ్చింది, అంతే తేడా.

"గ్రాంటు లేదు, సామాను లేదు" అంటారు. సామానంటే ఏమిటి? హిందూపురం మార్కెట్టు నిండా చింతపండే కదా! కాగితం ముక్కను పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టండి. సున్నపు తేట చుక్క వేస్తే ఎర్రబడుతుంది. దానిమీద చింతపండు రసం పోస్తే మళ్ళా పసుపు రంగుకొస్తుంది. ఆమ్లం, క్షారం పాఠం అయిపోయింది. ఆ సున్నమే మన తాతల తోలు గోలెంలో ఉండేది. క్షారం తోలు మీది వెంట్రుకలను కుదుళ్ళతో వదులు చేస్తుంది. ఆ తర్వాత తంగేడు చెక్క నీళ్ళు. అందులోని టానిన్ తోలులోని మాంసకృత్తులను పట్టేస్తుంది, ఇక తోలు కుళ్ళదు. అట్లా చేసిన తోలుతోనే కపిల బానలు కుట్టినారు, ఆ బానలతో తోడిన నీళ్ళతోనే ఊరు పంట పండించుకుంది. ఆ రసాయనం తెలిసినోణ్ణి మాత్రం ఊరి బయట పెట్టింది.

మరి పలక సంగతి? పలక కొట్టే ముందు మంట దగ్గర కాగబెడతాం. తోలులో తేమ పోతుంది, తోలు బిగుస్తుంది. బిగిసిన తోలు సెకనుకు ఎక్కువసార్లు కంపిస్తుంది, స్వరం పైకి లేస్తుంది. మీద నాలుగు రాగిగింజలు చల్లి కొడితే అవి ఎగురుతాయి, కంపనం కంటికే కనిపిస్తుంది. ధ్వని పాఠానికి ఇంతకు మించిన పరికరం ఉందా? వాడకొచ్చి అడిగితే మేం ఇవ్వమా? అడగరు. రాసుకునే పలక బడికి రావచ్చునంట, కొట్టే పలక శవం ముందరే మోగాలంట. అడిగితే రెడ్డిగారి కొడుకు దాన్ని ముట్టుకోవాల్సి వస్తుంది. అసలు చిక్కు అక్కడుంది.

మన పెద్దల్లోనే కొందరు కోప్పడతారు. "తోలుపని తప్పించుకోవాలనే కదరా బడికి పంపింది, మళ్ళా దాన్నే తెచ్చి పిల్లల మొహాన పెడతారా?" ఆ కోపం న్యాయమైనదే. మా పిల్లల చేత మాత్రమే తోలు నానబెట్టించే బడి మాకొద్దు. తరగతిలో ఉన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లోడూ ముట్టాల, వాసన చూడాల, లెక్క రాయాల. మార్కులూ దానికి పడాల. అప్పుడే అది కులవృత్తి కాక సైన్సు అవుతుంది.

శెనక్కాయ చేలల్లో మన ఆడోళ్ళు వంగి పీకే చెట్టు కూడా పాఠమే. పువ్వు పైన పూస్తుంది, ఊడ కిందికి దిగుతుంది, కాయ మట్టిలో ఊరుతుంది. వేరు బుడిపె కోస్తే లోపల ఎర్రగా ఉంటుంది, అక్కడ రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది. ధర్మవరం మగ్గానికి పోయే ముడిపట్టును సబ్బు, సోడా నీళ్ళలో ఉడికిస్తే సెరిసిన్ అనే జిగురు వదిలి మెరుపొస్తుంది.

విహారయాత్రకేమో లేపాక్షి తీసుకుపోతారు. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగించి మహిమ అని చెప్తారు, అదీ సైన్సు సారే! కుంటి బెంచీ ఒకటి చూపించండి చాలు. ఒక కాలు నేలకు ఆనకపోయినా బెంచీ పడదు, బరువు మిగతా కాళ్ళు మోస్తాయి. శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. 51ఎ అధికరణం పంతుళ్ళకు వర్తించదా?

ఇది అయ్యే పని కాదనేవాళ్ళు మధ్యప్రదేశ్‌లోని ఒకప్పటి హోషంగాబాద్ జిల్లాను చూడాల. 1972లో పదహారు బళ్ళతో మొదలుపెట్టి, 1978 నుంచి జిల్లా అంతటా సర్కారు మాధ్యమిక బళ్ళలో పిల్లలే ప్రయోగాలు చేసి నేర్చుకున్నారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ప్రయోగం మాత్రం చేసి చూపాల. 2002లో సర్కారే దాన్ని ఆపేసింది.

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తా ఉంది. లోపల మిషను దగ్గర నిలబడేది ఎవరు, బయట కసువు ఊడ్చేది ఎవరు అన్నది గేటు దగ్గర తేలేది కాదు. ఎనిమిదో తరగతిలో బీరువా దగ్గర తేలిపోతుంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాల, అందులో మన వాడలకు తగిన వాటా ఉండాల. కమిటీలో ఉన్న అన్నలూ, అక్కలూ! సంతకం పెట్టి టీ తాగి రావద్దండి. బీరువా తెరిపించండి. సామాన్ల పట్టీ అడగండి. ఈ నెలలో ఏ పిల్ల ఏ ప్రయోగం చేసిందో రిజిస్టరులో రాయించండి. పోయేటప్పుడు ఒక పలక చంకన పెట్టుకుని పోండి.