రంగ్ సాఫ్ కావాలా, చర్మం సలామత్‌గా ఉండాలా?

మన మొహల్లాల్లో రిష్తా మాట లడ్కీ చదువుతోనో అఖ్లాఖ్‌తోనో మొదలవదు. "రంగ్ సాఫ్ హైనా?" అంటారు. సాఫ్ అట! అంటే చామనఛాయ బిడ్డ మొహం మైలగా ఉందనా? గోరాకి కాలా మీద ఏ ఫజీలత్ లేదని ఆఖ్రీ ఖుత్బాలో ప్రవక్త (స) చెప్పిన మాట బయాన్‌లలో వింటాం. హజ్రత్ బిలాల్ (ర) పేరు వస్తే కళ్లు తుడుచుకుంటాం. ఇంటికొచ్చి అదే రంగు దుల్హన్ అంటే మూతి తిప్పుతాం.

ఈ సవాలుకు భయపడి అమ్మీలు నిఖాకు నెలల ముందు నుంచే బిడ్డలతో ట్యూబులు రాయిస్తున్నారు. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. ఇలాంటి క్రీములను 2018లో సర్కారు షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. షాపుల్లో చీటీ అడిగేదెవరు? మొదట్లో మొహం మెరుస్తుంది, నిజమే. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి. మొటిమలు, అవాంఛిత వెంట్రుకలు, ఎండ తగిలితే మంట. మానేస్తే ఇంకా ఎర్రబారుతుంది, అందుకని మళ్లీ రాస్తారు. పేరూ ఊరూ లేని డబ్బాలైతే మరీ ఖతర్నాక్. కేరళ మలప్పురంలో 2023లో పాదరసం ఉన్న క్రీములు వాడినవాళ్ల కిడ్నీలే దెబ్బతిన్నాయి.

"మరి ఫేషియళ్లకు పైసలెక్కడివి?" అంటారు ఖాలాలు. ఎవరడిగారు ఫేషియళ్లు? పొద్దున, రాత్రి ఘాటు లేని సబ్బుతో కడిగి, తడి ఆరకముందే మామూలు మాయిశ్చరైజర్ రాస్తే సరి. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడవున తీసి మొహానికి, మెడకు. బొట్టంత రాస్తే రాయనట్టే. రోజుకోసారి వాడితే 50 గ్రాముల ట్యూబు నెల దాటి వస్తుంది. వజూతో అది కొట్టుకుపోతుంది, కాబట్టి జొహర్ తర్వాత బయటికెళ్లేవాళ్లు మళ్లీ రాయాలి. ఎండలోనే పనైతే రెండు గంటలకోసారి. బండి మీద తిరిగే బేటాలకూ ఇదే. నిమ్మకాయ రుద్దడం మాత్రం బంద్ చేయండి.

"బుర్ఖా ఉందిగా" అంటే, తెరిచి ఉన్న మొహానికీ చేతులకూ అది ఏం అడ్డు? మంగు మచ్చలు ఎండకే ముదురుతాయి. సన్‌స్క్రీన్ పని హిఫాజత్, గోరా చేయడం కాదు. చేస్తానని రాసి ఉన్నది కొనకండి.

ఇప్పటికే నెలల తరబడి స్టెరాయిడ్ రాసిన బేటీ ఉంటే సొంతంగా హఠాత్తుగా మాన్పించకండి. ఉస్మానియాలో, గాంధీలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. షరమ్ పడి దాచకుండా ఆ ట్యూబు కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.