ఉద్దానం మాస్టార్లు ముందు శ్రీలంక చూడాలి

2023 ఫిబ్రవరిలో పంజాబ్ ప్రభుత్వం 36 మంది ప్రిన్సిపాళ్లను శిక్షణ కోసం సింగపూర్ పంపింది. అంతకు నెల ముందే ఢిల్లీలో ఉపాధ్యాయుల ఫిన్లాండ్ ప్రయాణం మీద అక్కడి ప్రభుత్వానికీ లెఫ్టినెంట్ గవర్నర్‌కూ పెద్ద పేచీ నడిచింది. మరుసటి ఏడాది పంజాబ్ ప్రాథమిక ఉపాధ్యాయులు ఫిన్లాండ్‌లోని టుర్కు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. మన దగ్గర ఇలాంటి మాట వచ్చినా ముందు వినపడేది సింగపూర్ పేరే.

ఈ ఖర్చును దుబారా అనేవాళ్లున్నారు. ఆ మాట సరికాదు. ముప్ఫయ్యేళ్లు పిల్లల ముందు నిలబడే మనిషికి తన మండలం దాటి ఒక బడిని తీరిగ్గా చూసే అవకాశం ఒక్కసారైనా రావాలి. తేల్చుకోవలసిందల్లా ఎక్కడికి పంపాలన్నదే. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం, దాని పరిసరాల్లోని పలాస, టెక్కలి, కవిటి, వజ్రపుకొత్తూరు మాస్టార్లకు ఆ అవకాశం వస్తే టికెట్ కొలంబోకు కొనాలి.

కారణాల్లో మొదటిది ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన బాధ. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, అయినా కష్టజీవుల కిడ్నీలు పాడవుతున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రావిన్స్‌లో, అంటే అనురాధపురం, పొలన్నరువ జిల్లాల్లో, 1990ల నుంచి వరి రైతులను పట్టి పీడిస్తున్న జబ్బు కూడా ఇదే తీరు. నీటిలోని ఫ్లోరైడా, పురుగుమందులా, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీయా, మరేదైనా కారణమా అన్నది అక్కడా తేలలేదు, ఇక్కడా తేలలేదు. రెండు చోట్లా ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. పొలన్నరువలో చైనా సాయంతో కట్టిన కిడ్నీ ఆసుపత్రి 2021లో తెరుచుకుంటే, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి.

ఇందులో బడి పని ఏముంది అనుకోవచ్చు. చాలా ఉంది. తండ్రిని డయాలసిస్‌కు తీసుకెళ్లిన రోజు పిల్లవాడు బడికి రాడు. తాగే నీటి మీద భయం, పుకార్లు, పసరు మందుల మీద నమ్మకం అన్నీ తరగతి గదిలోకి వస్తాయి. వాటికి జవాబు చెప్పవలసింది సైన్సు టీచరు. అనురాధపురం ప్రాంతంలో కొన్ని బడుల్లో కప్పు మీద పడే వాన నీటిని ట్యాంకుల్లో పట్టి, పిల్లలకు తాగడానికి ఇస్తున్నారు. ఆ ట్యాంకును ఎవరు కడుగుతారు, మొదటి వాన నీటిని ఎలా వదిలేస్తారు, వేసవికి ఎంత మిగులుతుంది అన్నవి అక్కడి టీచరు పక్కన నిలబడి అడిగి తెలుసుకోవలసిన సంగతులు. కారణం తెలియని జబ్బు గురించి పిల్లలకు అబద్ధం చెప్పకుండా, భయపెట్టకుండా ఎలా చెబుతున్నారో సాటి ఉపాధ్యాయులను అడగొచ్చు. సింగపూర్‌లో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

రెండోది చరిత్ర. ఇది ఉద్దానం పిల్లలకు మనం అప్పగించకుండా వదిలేసిన ఆస్తి. బుద్ధుడి దంతం కళింగ దేశపు దంతపురంలో ఉండేదనీ, గుహశివుడనే రాజు కూతురు హేమమాల దాన్ని జడలో దాచి భర్తతో కలిసి ఓడలో లంకకు చేర్చిందనీ సింహళ సంప్రదాయం చెబుతుంది. ఇది నాలుగో శతాబ్దపు సంగతి అంటారు. ఆ దంతాన్నే క్యాండీలోని దళద మాళిగావ ఆలయంలో పూజిస్తున్నారు. దంతపురం ఎక్కడన్న దానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. సరుబుజ్జిలి మండలంలోని దంతవక్త్రుని కోటే అదని వాదించేవాళ్లు తక్కువేమీ కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాలు ఉండనే ఉన్నాయి. ఇక పొలన్నరువను 1187 నుంచి 1196 దాకా ఏలిన నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని రాతి మీద చెక్కించుకున్నాడు. గల్ పొత అనే ఆ శాసనం ఏనుగంత బండ మీద ఇప్పటికీ అక్కడే ఉంది. శ్రీకాకుళం పక్కనున్న సింగుపురమే ఆ సింహపురమని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

ఎనిమిది వందల ఏళ్ల కిందట మన కళింగం పేరు చెప్పుకున్న రాజు శాసనం ముందు టెక్కలి సోషల్ టీచరు నిలబడి ఫొటో తీసుకుని వస్తే, ఆ పాఠం పిల్లలకు జన్మంతా గుర్తుంటుంది. ఏది సంప్రదాయం, ఏది శాసనం, ఏది ఊహ అని వేరుచేసి చెప్పడం కూడా అక్కడే అలవడుతుంది. ఉపాధ్యాయుడు శాసనాల వెంట పడడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి ముఖలింగం శాసనాలు చదవడానికి పాత లిపులు తనంతట తానే నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చి, ఆ భాషలోనే వాచకాలు రాశారు.

భాష మాట వచ్చింది కాబట్టి మరో సంగతి. ఇచ్ఛాపురం, కవిటి, మందస వైపు ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. మందస కొండల్లో సవర పిల్లలున్నారు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి. శ్రీలంకలో 1956 నాటి సింహళ భాషా చట్టం తమిళులను ఎంత దూరం నెట్టిందో, ఆ దేశం దానికి ఎంత మూల్యం చెల్లించిందో ప్రపంచానికి తెలుసు. సింహళ మాధ్యమం, తమిళ మాధ్యమం బడులు ఇప్పటికీ వేర్వేరుగా నడుస్తున్నాయి. అనురాధపురం జిల్లా కుడాగమలో అహికుంటకులనే సముదాయపు కుటుంబాలు ఇళ్లలో ఇప్పటికీ ఒక రకం తెలుగు మాట్లాడతాయి. వాళ్ల పిల్లలు చదివేది సింహళంలో. శ్రీకాకుళం నుంచి వెళ్లిన టీచరమ్మ ఆ పిల్లల్ని తెలుగులో పలకరిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఇంటి భాషను బడి పక్కకు నెట్టినప్పుడు పిల్లలు ఏం పోగొట్టుకుంటారో అక్కడ కళ్లారా కనిపిస్తుంది.

శ్రీలంకలో చూడదగిన బడి వ్యవస్థ కూడా ఉంది. కన్నంగర విద్యామంత్రిగా ఉండగా 1945లోనే కిండర్‌గార్టెన్ నుంచి విశ్వవిద్యాలయం దాకా ఉచిత విద్య తెచ్చారు. ఆ దేశంలో అక్షరాస్యత 90 శాతం పైమాటే. 2011 లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాది 62 శాతం లోపే. శ్రీలంక ధనిక దేశమై సాధించింది కాదది. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లుల పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగి చదువుకుంటున్న దేశం. ఉద్దానంలోనూ తల్లిదండ్రులు హైదరాబాదుకో చెన్నైకో వలసపోతే పిల్లలు తాతల దగ్గరే ఉంటున్నారు. అలాంటి పిల్లలు బడి మానకుండా శ్రీలంక టీచర్లు ఏం చేస్తున్నారో తెలుసుకోవడం ఫిన్లాండ్ తరగతి గదిలో బల్లలు ఎలా వేశారో చూడడం కంటే అక్కరకొస్తుంది.

లోపాలూ చూడాలి. ఐదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్ష కోసం పసివాళ్లను ట్యూషన్లలో నలిపే జాడ్యం అక్కడ గట్టిగా ఉంది. 2022 ఆర్థిక సంక్షోభంలో కాగితం లేక కొలంబో ప్రాంతంలో పరీక్షలు వాయిదా వేశారు, పెట్రోలు లేక బడులు మూసేశారు. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేశాక తరగతులు తిరిగి నడుపుకున్న మన మాస్టార్లకు అక్కడివాళ్లతో పంచుకోవడానికి చాలా అనుభవం ఉంది. అధ్యయన యాత్రలో నేర్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు అన్న తేడా లేనప్పుడే మాటలు సూటిగా సాగుతాయి.

అయితే పంపే పద్ధతి మారాలి. అవార్డులు అందుకున్నవాళ్లనే ఏరి పంపితే ఫలితం తక్కువ. ఏకోపాధ్యాయ బడి నడిపేవాళ్లు, ఒడియా మాధ్యమం టీచర్లు, సైన్సు, సోషల్ టీచర్లు కలిసి వెళ్లాలి. విమానం ఎక్కేముందు శాలిహుండం, దంతవక్త్రుని కోట, ముఖలింగం, పలాస ఆసుపత్రి చూసి, నోట్సు రాసుకుని ఉండాలి. తిరిగొచ్చాక ఒక్కొక్కరు తెలుగులో పది పేజీల నివేదిక రాసి, స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో తోటివాళ్ల ముందు చదవాలి. ఆ నివేదికలన్నీ జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాల గ్రంథాలయానికీ చేరాలి.

చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర. జిల్లా కలెక్టరు, విద్యాశాఖ తలచుకుంటే వచ్చే వేసవి సెలవుల్లోనే మొదటి బృందం వెళ్లిరావచ్చు. ఆ జాబితాలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పేర్లు మొదట రాయాలని ఈ జిల్లా ప్రజాప్రతినిధులు గట్టిగా అడగాలి.