9999 ఖరీదులో ఎన్ని ఆపరేషన్లు?

2021 సెప్టెంబరులో 'టీఎస్ 09 ఎఫ్ఎస్ 9999' నంబరును జూనియర్ ఎన్టీఆర్ 17 లక్షల రూపాయలకు దక్కించుకున్నారు. రాష్ట్ర కోడ్ టీజీకి మారిన తర్వాత, 2024 ఆగస్టులో 'టీజీ 09 9999' ఏకంగా 25.5 లక్షలు పలికింది. రెండు వేలాలూ ఖైరతాబాద్ ఆర్టీఏ పరిధిలోనివే. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్ల ముందు నిలిచే కార్లకు 09 వచ్చేదీ అక్కడి నుంచే. నాలుగు తొమ్మిదులు కూడితే 36, మూడూ ఆరూ కూడితే మళ్లీ తొమ్మిది. కలిసొస్తుందంటే సినిమా పేరులో ఒక అక్షరం ఎక్కువ రాసుకునే పరిశ్రమకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంకో లెక్క ఉంది. ఒక వీధికుక్కను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలడానికి భారత జంతు సంక్షేమ మండలి సూచించిన ఖర్చు 1,650 రూపాయలు. ఆ లెక్కన 17 లక్షలకు వెయ్యి పైచిలుకు, 25.5 లక్షలకు 1,500 పైచిలుకు ఆపరేషన్లు అవుతాయి. సొంత డబ్బుతో నచ్చిన నంబరు కొనుక్కోవడంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ సొమ్ము ఎలాగూ ఖజానాకే చేరుతోంది. నంబరు ప్లేటు మీద జనానికున్న మోజు నుంచి జంతువుల ఆపరేషన్లకు ఒక చిన్న కాలువ తవ్వుకోవచ్చా అన్నదే ప్రశ్న. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆ పని ఎప్పుడో చేశాయి.

బాండ్ గీసిన బొమ్మ

డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఉండే మనవాళ్లకు కుక్క, పిల్లి బొమ్మలున్న నంబరు ప్లేట్లు కొత్త కాదు. టెక్సాస్‌లో 'యానిమల్ ఫ్రెండ్లీ' ప్లేటుకు 30 డాలర్లు అదనంగా కడితే అందులో 22 డాలర్లు కుక్కలు, పిల్లుల ఆపరేషన్లు చేసే సంస్థలకు గ్రాంట్లుగా వెళ్తాయి. కనెక్టికట్, జార్జియా, నార్త్ కరోలినాల్లోనూ ఇలాంటి ఏర్పాట్లే ఉన్నాయి. న్యూజెర్సీ ఇంకొంచెం ముందుకెళ్లింది. ఆపరేషన్ చేయించని కుక్కకు లైసెన్సు తీసుకుంటే మూడు డాలర్లు ఎక్కువ కట్టాలి. ఆ మూడు డాలర్లు, ప్లేట్ల సొమ్ము కలిసి ఒకే నిధిలో పడతాయి. ప్రభుత్వ సాయంతో బతికే కుటుంబాల పెంపుడు జంతువులకు ఆ నిధి నుంచే నామమాత్రపు రుసుముతో ఆపరేషన్ చేయాలన్నది ఏర్పాటు.

ఫిల్మ్‌నగర్ ఆసక్తిగా చదవాల్సింది మాత్రం కాలిఫోర్నియా కథ. హాలీవుడ్ ఉన్న ఆ రాష్ట్రంలో ప్లేటు మీది కుక్క, పిల్లి బొమ్మను గీసిచ్చింది జేమ్స్ బాండ్ వేషం కట్టిన పియర్స్ బ్రోస్నన్. అక్కడి నియమం ప్రకారం 7,500 మంది ముందే డబ్బు కడితే గానీ కొత్త రకం ప్లేటు తయారీ మొదలవదు. తార పేరు తోడై ఆ గడప దాటారు. ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. పోగైన సొమ్ము క్లినిక్‌ల దాకా చేరలేదు. పశువైద్య మండలి చేతిలో ఉన్న ఆ నిధిని ఆహార, వ్యవసాయ శాఖకు అప్పగించడానికి 2017లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. డబ్బు పోగేయడానికి తార మొహం చాలింది, దాన్ని క్లినిక్ దాకా చేర్చడానికి చాలలేదు. మనం ముందు నేర్వాల్సిన పాఠం ఇది.

కొండ మీద, కొండ వాలులో

మన దగ్గర బొమ్మల ప్లేటు కుదరదు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలన్నింటికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దాని మీద అక్షరం ఎత్తు నుంచి హోలోగ్రామ్ దాకా అంతా కొలత ప్రకారమే. మనకున్న 'ప్రత్యేక ప్లేటు' ఫ్యాన్సీ నంబరే. దాని రుసుమూ, వేలంపాటా ఇప్పటికే ఆన్‌లైన్‌లో సాగుతున్నాయి కాబట్టి కొత్తగా యంత్రాంగమేదీ పుట్టించనక్కర్లేదు.

అవసరం ఎక్కడుందో తెలియాలంటే జూబ్లీహిల్స్ రోడ్ల మీద ఒక ఉదయం తిరిగితే చాలు. బంగళాల్లోని లాబ్రడార్లనూ, హైదరాబాద్ ఎండలో రొప్పే హస్కీలనూ పనివాళ్లు గొలుసు పట్టుకుని నడిపిస్తుంటారు. వాటి ఆపరేషన్‌కు ప్రైవేటు క్లినిక్‌లో వేలల్లో బిల్లయినా యజమానికి భారం కాదు. అదే గుట్ట వాలులో, ఫిల్మ్‌నగర్ బస్తీలో, ఆ పనివాళ్ల గుమ్మం ముందు ఒక నాటుకుక్క పడుకుని ఉంటుంది. దానికో పేరుంటుంది, రాత్రి మిగిలిన అన్నం ఉంటుంది, ఆపరేషన్ మాత్రం ఉండదు.

2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కల ఆపరేషన్ బాధ్యత స్థానిక సంస్థది, పెంపుడు జంతువులది యజమానిది అని పంచాయి. కాగితం మీద గీత స్పష్టంగానే ఉంది. బస్తీలో ఆ గీత చెరిగిపోతుంది. కుక్కలను పట్టే జీహెచ్ఎంసీ బండి వస్తే 'మా కుక్కే' అని లోపలికి లాక్కుంటారు. బండి వెళ్లగానే అది మళ్లీ వీధిలో ఉంటుంది. ఆడకుక్క ఏడాదిలోపే ఎదకొస్తుంది, దాదాపు 63 రోజుల్లో ఈనుతుంది, ఏడాదికి రెండు ఈతలూ ఈనగలదు. ఆ పిల్లల్లో ఇంట్లో మిగిలేది ఒకటో రెండో. మిగిలినవి నిబంధనల ప్రకారం ఆ రోజు నుంచే 'వీధికుక్కలు'. బంగళాల్లో మోజు తీరాక వదిలేసే జాతికుక్కలూ వీటిలో కలుస్తాయి. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు తక్కువ వ్యవధిలో ఆపరేషన్లు జరిగితేనే సంఖ్య అదుపులోకి వస్తుందని నిపుణులు చెబుతారు. మిగిలే 30 శాతంలో ఇలాంటి 'మా కుక్కే'లు పోగుపడితే, బండి ఎన్నిసార్లు తిరిగినా లెక్క మొదటికే వస్తుంది.

సినీ పరిశ్రమకు ఈ విషయం తెలియదనలేం. అక్కినేని అమల, నాగార్జున 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉన్నది జూబ్లీహిల్స్‌లోనే. కుక్కల ఆపరేషన్లు, యాంటీ రేబిస్ టీకాలు ఆ సంస్థకు ఏళ్లుగా నిత్యకృత్యం. ప్రభుత్వ స్పందన మాత్రం కుక్క కాటుకు చెప్పుదెబ్బ తీరులో సాగుతోంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కలు నాలుగేళ్ల బాలుణ్ని చంపినప్పుడు బండ్లు జోరుగా తిరిగాయి, తర్వాత వార్త పాతబడింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్, టీకా అయిన కుక్కలను పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ సోకినవాటినీ, మీదపడే స్వభావమున్నవాటినీ వదలొద్దనీ చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. కోర్టు దృష్టంతా వీధి మీద, ఆవరణల మీద. గుమ్మం ముందు పడుకున్న కుక్క సంగతి అలాగే ఉండిపోయింది.

స్వచ్ఛందమే మేలు

వేలం సొమ్ములో వాటా ఇమ్మని అడగడం తేలిక. కానీ రాజ్యాంగంలోని 266వ అధికరణం ప్రకారం రాష్ట్ర రాబడి సంఘటిత నిధిలో కలుస్తుంది, శాసనసభ ఆమోదం లేనిదే పైసా బయటికి రాదు. ఏటా బడ్జెట్‌లో ఈ పద్దు గుర్తుపెట్టుకునే మంత్రి ఉండాలి. అంతకన్నా, నంబరు ఎంచుకునే ఆన్‌లైన్ పేజీలోనే 'జంతు జనన నియంత్రణకు విరాళం' అని ఒక గడి పెట్టి, అక్కడ కట్టిన సొమ్మును ప్రత్యేక ఖాతాకు మళ్లించడం సులువు. ఇష్టమైనవారే కడతారు, ఎవరి మీదా కొత్త పన్ను పడదు.

దీనికి మూడు కట్టుబాట్లు కావాలి. ఒకటి, ఆ డబ్బు ఆహారభద్రత కార్డున్న కుటుంబాల పెంపుడు జంతువులకే వాడాలి. వీధికుక్కలకు మళ్లితే జీహెచ్ఎంసీ తన బాధ్యతను దాతల మీదికి నెట్టేస్తుంది. రెండు, ఖాతా ఎవరి పేరున ఉంటుందో, ఎన్నాళ్లలో క్లినిక్‌కు చెల్లించాలో మొదటి ఉత్తర్వులోనే రాయాలి. లేకపోతే కాలిఫోర్నియా పడ్డ ఇబ్బందే మనమూ పడతాం. మూడు, వచ్చిన రూపాయీ, జరిగిన ఆపరేషనూ నెలనెలా ప్రకటించాలి.

విరాళం మోజును బట్టి వస్తుంది, ఒక ఏడాది పొంగి మరో ఏడాది ఎండుతుంది. నగరమంతటి కుక్కల సమస్య దీనితో తీరుతుందనుకోవడం భ్రమ. అందుకే చిన్నగా మొదలుపెట్టడం మంచిది: ఒక ఆర్టీఏ కార్యాలయం, ఒక బస్తీ, ఒక ఏడాది. ఖైరతాబాద్‌లో గడి తెరిస్తే ఫిల్మ్‌నగర్ బస్తీలో ఫలితం చూసుకోవచ్చు. వారంలో ఒక రోజు బస్తీ మొగలోనే డాక్టరు బండి ఆగితే, పనికి సెలవు పెట్టి కుక్కను ఆటోలో తీసుకెళ్లే ఖర్చు కూడా తప్పుతుంది.

గడిలో టిక్కు పెట్టిన తార ఆ కుక్కను ఎన్నడూ చూడకపోవచ్చు. చూసేది ఆయన కారు నడిపే డ్రైవరు. రాత్రి ఇంటికెళ్లేసరికి, గుమ్మం ముందు దాని కడుపు మీద కుట్లు కనిపిస్తే చాలు.