నాయిన చాకు, నా జేబు

మాది కట్టంగూర్. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, నార్కట్‌పల్లి దాటిన తరువాత, నకిరేకల్ రాకముందు తగులుతుంది. మీలో చాలామంది బస్సు కిటికీలోంచి మా ఊరిని చూచే ఉంటారు. చూచినట్టు జ్ఞాపకం లేకపోవచ్చు. ఆ ఊరి నుంచి రోజూ నల్లగొండకు పోయి తెలుగు పాఠాలు చెప్పుకొని వచ్చే మనిషికి జేబులో చాకు ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. మా ఇంట్లోనూ అదే అడిగారు.

నిరుడు మా నాయిన పోయారు. పన్నెండో రోజు చుట్టాలందరూ వెళ్ళిపోయిన తరువాత అమ్మ లోపలికి పోయి, ఆయన మడత చాకు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ నాయిన జేబుల ఉండేది. నీ జేబుల ఉండనియ్యి" అన్నది.

ఆ మాటకు కాదని బదులు చెప్పగల కొడుకెవరైనా ఉంటే ఉండవచ్చు. నేను కాను.

అది ఎప్పుడో చెరువుగట్టు జాతరలో కొన్న చాకు. బ్లేడు అయిదు అంగుళాలు. టేకు పిడి, దానికి రెండు కొసలా ఇత్తడి పొన్నులు. దానితో నాయిన చేయని పని లేదు. పగ్గం కోసేవారు, వేపపుల్ల చెక్కేవారు, ఎరువు బస్తా కుట్టు విప్పేవారు, చేలో దోసకాయ కోసి పిల్లలందరికీ తలా ఒక చెక్క ఇచ్చేవారు. తుడిచేది ధోవతి అంచుకు. ఆయన బనియనుకు పొట్ట దగ్గర సంచీ అంత జేబు ఉండేది. అందులో చాకు, పొగాకు, పట్టాదారు పుస్తకం అన్నీ సుఖంగా కాపురం చేసేవి. నా ప్యాంటు జేబు అట్లాంటిది కాదు. రుమాలు పెడితేనే ఉబ్బుతుంది.

"ఇది వేసుకొని కాలేజీకి పోతారా?" అన్నది మా ఆవిడ. పోయాను.

నాలుగో రోజో అయిదో రోజో, బస్సులో చిల్లర తీస్తూ ఉంటే చాకు జారి కింద ఠంగుమని పడింది. పక్క సీటు ఆవిడ ఒక్క ఉదుటున తన పిల్లను ఒళ్ళోకి లాక్కున్నది. కండక్టరు ఏమీ అనలేదు. అననందుకే నాకు ఎక్కువ సిగ్గు వేసింది. నా సబ్జెక్టు ప్రబంధాలండీ అని బస్సులో అందరికీ చెప్పుకోలేను గదా! పాత హిందీ సినిమాల్లో రౌడీ చేతిలో టకటకమని తెరుచుకొనే రాంపురి చాకును చూచి చూచి, మడత చాకు అంటేనే మనవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూరు పేరు ఆ విధంగా కత్తి పాలైంది.

ఇంటికి వచ్చి చట్టం తిరగవేశాను. 1959 ఆయుధాల చట్టం కింద 1962లో చేసిన నిబంధనలు, బ్లేడు 9 అంగుళాల పొడవు గాని 2 అంగుళాల వెడల్పు గాని మించితే ఆ కత్తిని ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటిని మినహాయించాయి. మా నాయిన చాకు ఆ గీతకు చాలా ఇవతలే ఉన్నది. అయితే ఆ పిల్ల తల్లి నిబంధనలు చదివి భయపడలేదు.

సరే, ఒక వారం రోజులు ఏమేమి కోశానో కాగితం మీద వ్రాసుకొన్నాను. జవాబు పత్రాల కట్టకు కట్టిన పురికొస, రెండు పెన్సిళ్ళు, ఒక పార్సెల్, మధ్యాహ్నం తిన్న బత్తాయి. అంతే. అంగుళంన్నర బ్లేడుతో తీరే పనులు. వెనుకటి పండితులకూ ఇంతకన్న పెద్దది అక్కరలేకపోయింది. తాటాకు అంచు సరిచేయడానికి ఒక చిన్న కత్తి, వ్రాయడానికి గంటం. తమిళదేశంలో ఆ రెంటినీ ఒకే పిడిలో మడిచి పెట్టుకొనే పనిముట్టే ఉండేది.

ఒక చిన్న చాకు కొన్నాను. తాళపు చెవుల గుత్తికి వేలాడేటంతది. నాయిన చాకు బీరువాలోకి పోయింది. అమ్మకు చెప్పలేదు. సాయంత్రం ఇల్లు చేరగానే ఆమె, "చాకు ఉన్నదా జేబుల?" అని అడిగేది. ఉన్నదనేవాణ్ణి. అబద్ధం కాదు; నిజమూ కాదు.

ఇట్లా రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం చెలక వైపు నడుస్తున్నాను. గుంజకు కట్టిన బర్రెదూడ చుట్టూ తిరిగి తిరిగి నైలాన్ తాడు మెడకు బిగించుకొన్నది. నాలుక బయటికి వచ్చింది. ఒక ముసలమ్మ ముడి విప్పలేక అరుస్తున్నది. నా చిట్టి చాకు తీశాను. తాడు తెగవలసిందే గాని, పట్టుకొందామంటే పిడి రెండు వేళ్ళకు మించి ఆనదు. రంపం కోసినట్టు కోస్తూ ఉంటే చివరి పోగు తటాలున తెగింది, బ్లేడు వెనక్కి మడిచి నా చూపుడువేలి మీదనే మూసుకొన్నది. దూడ బతికింది. నాకు మూడు కుట్లు పడ్డాయి. పది రోజులు ఎడమ చేత్తో బోర్డు మీద వ్రాశాను; ఆ లిపి ఏ శాసనంలోదని పిల్లలు అడిగారు.

ఆ రాత్రి వేలికి కట్టు కట్టుకొని కూర్చొని, జేబులో నాయిన చాకే ఉంటే ఒక్క కోతకు అయిపోయేది గదా అనుకొన్నాను. చిన్నదే చాలునన్న నా కాగితం లెక్కలో దూడ లేదు.

మా పక్క బత్తాయి తోట రైతు నాకు వరసకు బావ. అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. రంగపూర్ నిమ్మమొక్క కాండం మీద ఇంగ్లీషు 'టి' అక్షరంలాగ గాటు పెట్టి, బెరడు లేపి, బత్తాయి మొగ్గను లోపల చొప్పిస్తాడు. నా కథ విని తన అంటుకత్తి నా అరచేతిలో పెట్టాడు. బ్లేడు రెండు అంగుళాలే. పిడి మాత్రం నాలుగు వేళ్ళనూ నింపింది.

"బ్లేడు ఎంతుంటె ఏంది బావా? పిడి పిడికిట్ల నిండాలె" అన్నాడు.

పిడి అంటేనే పట్టు. పిడికిలి, పిడికెడు దాని చుట్టాలే. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు ఈ ముక్క మూడు కుట్లు పడ్డాక, బత్తాయి తోటలో తట్టింది. చిన్న చాకు చేసిన తప్పు బ్లేడు పొట్టిగా ఉండడం కాదు, పిడి పొట్టిగా ఉండడం.

ఫ్రాన్సులో సవాయ్ కొండసీమ వాడు జోసెఫ్ ఒపినెల్ 1890లో ఒక మడత చాకు చేశాడు. 1897 నాటికి వాటిని 1 నుంచి 12 వరకు పన్నెండు సైజులలో వరుస పెట్టారు. ఒకటో నంబరు బ్లేడు రెండు సెంటీమీటర్లే. 1935లో ఒకటినీ పదకొండునూ మానివేశారు. పెద్దవీ చిన్నవీ అన్నీ ఉన్నా ఎక్కువమంది చేతికి నచ్చింది నడిమి 8వ నంబరే, బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. నా వేలు తెగినట్టే అక్కడా ఎందరి వేళ్ళు తెగాయో గాని, తెరిచిన బ్లేడు మడవకుండా ఆపే ఉంగరం 1955లో వచ్చింది.

పిల్లలు లండనులో ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ బ్లేడు అంచు 3 అంగుళాలు మించని, తాళం లేని మడత చాకును కారణం చెప్పకుండా జేబులో పెట్టుకోవచ్చు. తాళం పడేదైతే తగిన కారణం చూపాలి. వేలును కాపాడే తాళమే అక్కడ తంటా తెస్తుంది. ఇక విమానంలో చేతిసంచీలో పెద్దదీ వద్దు, చిన్నదీ వద్దు.

ఇప్పుడు నా జేబులో ఉన్నది మూడో చాకు. బ్లేడు రెండున్నర అంగుళాలు, పిడి నాలుగు. తెరిస్తే తాళం పడుతుంది. నాయిన చాకు సంగతి అమ్మకు చెప్పడానికి మరో వారం పట్టింది. చెప్పి, రెండు చాకులూ ఆమె ముందు పెట్టాను. ఆమె కొత్తదాన్ని తెరిచి చూచింది. మూయబోతే మూతపడలేదు. ఎక్కడ నొక్కాలో చూపాను.

"మంచిగనే ఉన్నది" అని నాకు తిరిగి ఇచ్చింది. పెద్దదాన్ని మాత్రం ఇవ్వలేదు. "ఇది నా దగ్గర ఉండనియ్యి" అన్నది.

సాయంత్రాలు వాకిట్లో కూర్చొని దానితో బత్తాయిలు కోస్తుంది. నిన్న చూస్తే ఇత్తడి పొన్నులు చింతపండు పెట్టి తోముతున్నది.